తెల్లబొమ్మ మీద కాటుక చుక్క

ఆయన పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది చేపల నూకాలమ్మ. మా ఇంట్లో చేపలు తినరు. ఆ సంగతి నూకాలమ్మకు ఏనాటి నుంచో తెలుసు. అయినా గోపాలపట్నం వచ్చినప్పుడల్లా మా గేటు ముందు గంప దించి, చెంబెడు మంచినీళ్ళు తాగి, వీధిలో ఎవరింట్లో ఏ చేప ఉడుకుతోందో చెప్పి మరీ వెళుతుంది. ఆ రోజు గంప దించలేదు. నెత్తిమీదే ఉంచుకుని, "అమ్మా, రంగుల షెడ్డు మేస్త్రీ పోనాడు. పొద్దున్నే టీ తాగతా తాగతా పోనాడంట. గలాసు కూడా కింద పడనేదంట" అంది.

ఆ చివరి మాటకు నాకు నవ్వొచ్చింది. ఆయన చేతిలోంచి ఏదీ కింద పడదు. ఓడ పక్కన తాళ్ళకు వేలాడే పలక మీద నిలబడి ముప్పై ఏళ్ళు రంగు వేసిన మనిషి. యముడు వచ్చినా ముందు గ్లాసు కింద పెట్టి ఉంటారు.

"నవ్వుతన్నారేటమ్మా?" అంది నూకాలమ్మ, కోపంగా.

లోపలికి వెళ్ళి దేవుడి దగ్గర దీపం వెలిగించాను. ఆయన ఉంటే అదీ ఒప్పుకునేవారు కాదు. 'నా పేర్న నూనె తగలెయ్యకు తల్లీ, వంకాయలు ఏపుకో' అనేవారు.

నేను రాస్తున్నది ఆయన జీవితచరిత్ర కాదు. ఆయన ఎక్కడ పుట్టారో కూడా నాకు సరిగ్గా తెలియదు. అడిగితే ఒకసారి పడవలో అన్నారు, ఇంకోసారి పడవ కింద అన్నారు. పేరు రాయను. ప్రదర్శనలో బొమ్మ కింద పేరు ఉంటే జనం పేరు చూసి బొమ్మ చూడరని ఆయన సిద్ధాంతం. ఈ బొమ్మకూ అదే వర్తిస్తుంది. కానీ ఒక్క సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. ఈ ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళందరూ ఆయన్ని 'చుక్క మేస్త్రీ' అంటారు. మూర్తి గారి తెల్లబొమ్మ మీద కాటుక చుక్క పెట్టి పాడుచేసినవాడని ఆ పేరు. పదేళ్ళు ఆ పేరు మోశారు, దానితోనే పోయారు. ఆ చుక్క పెట్టింది ఆయన కాదు. నేను.

*

అప్పట్లో మేము పోర్టు దగ్గర, వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం. ఉక్కు ఫ్యాక్టరీకి పునాదిరాయి పడింది గానీ ఉక్కు ఇంకా రాలేదు. ఎర్రధూళి మాత్రం ముందే వచ్చింది. ఓడల్లోకి ఎత్తే ఇనుపరాతి ధూళి గాలికి లేచి ఊరంతా పడేది. ఉదయం ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి కావి పంచె అయ్యేది. మా వీధిలో మగవాళ్ళందరూ సంసారం చేస్తూనే సన్యాసుల్లా తిరిగేవారు.

ఆ ధూళి మధ్య, పాత పోస్టాఫీసు వెనక, ఒకప్పటి ఉప్పు గిడ్డంగి ఆయన షెడ్డు. ఓడలకు రంగు వేసే పని మానేశాక దాన్ని ఎలాగో సంపాదించి, బొమ్మలు వేసుకునేవాళ్ళకు తెరిచి పెట్టారు. లోపల పదకొండు మంది పని చేసేవారు. ఏడాదికి ఒకసారి అక్కడే ప్రదర్శన. సైన్‌బోర్డులు రాసే అప్పారావు, షిప్‌యార్డులో డ్రాయింగులు గీసే మూర్తి గారు, ఇద్దరు బడిపంతుళ్ళు, ఇంకా ఇలాంటివాళ్ళే. తర్వాత నేను.

ఎవరు కొత్తగా వచ్చినా ఆయన చేతికి బ్రష్షు ఇచ్చేవారు కాదు. వాకిట్లో తుప్పు పట్టిన లంగరు ఒకటి పడి ఉండేది. చిన్న సుత్తి ఒకటి ఇచ్చి, "ముందు తుప్పు గోకు" అనేవారు. చిత్రకళలో పట్టా పుచ్చుకున్న ఒక పెద్దమనిషి వచ్చి, తన పట్టా చూపించారు.

"బాగున్నాది. దీంతో గోకుతావా, సుత్తితో గోకుతావా?" అన్నారు ఈయన. ఆ పెద్దమనిషి మళ్ళీ కనిపించలేదు.

నాకూ ఆ శిక్ష తప్పలేదు. మడత నలగని చీరలో కూర్చుని మూడు మధ్యాహ్నాలు గోకాను. నోట్లో గోవింద నామాలు చెప్పుకుంటూ ఉంటే ఆయన అటు వెళుతూ, "నీ గోవిందుడొచ్చి గోకుతాడేటి? నామం ఆపీసి సెయ్యి ఆడించు తల్లీ" అన్నారు. నామం ఆపలేదు. చెయ్యి మాత్రం వేగం పెంచాను. మూడో రోజున ఇనుము నీలంగా మెరిసింది. రంగు దేని మీద నిలుస్తుందో నాకు తెలిసింది అప్పుడే. బడి మొహం చూడనిదాన్ని, మా నాన్నగారు ఇంట్లో చెప్పిన నాలుగు ముక్కలే నా చదువు. ఆ లంగరు దగ్గర ఇంకో నాలుగు ముక్కలు చేరాయి. ఆ సుత్తి దెబ్బలకు ఇవాళ్టికీ దణ్ణం పెడతాను.

షెడ్డులో వెలుతురు తక్కువ. పెంకుల మధ్య నాలుగు గాజు పెంకులుండేవి. ఎండ పలకలు పలకలుగా నేల మీద పడి, పొద్దుతోపాటు జరుగుతూ పోయేది. ఆ నాలుగు పలకల కోసం పదకొండు మంది కొట్టుకునేవారు. ఆయన సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, "ఇయి బెర్తులు. ఓడ ఒచ్చిన వరస బట్టి లోపలికి రావాల. మిగిలినోళ్ళు సముద్రంలో ఉండండి" అన్నారు. సముద్రమంటే వరండా. బెర్తు వదలకుండా కూర్చున్నవాడు అందరి బ్రష్షులూ కడగాలి. అప్పారావు ఎప్పుడూ కడుగుతూనే కనిపించేవాడు. ఎండ జరిగిన కొద్దీ తానూ పీట మీద కూర్చునే జరిగి, పక్కవాడి బెర్తులో తేలేవాడు.

"బావా, ఇది నా ఎండ!" అని పక్కవాడు అరిచేవాడు.

"ఎండ మీద నీ పేరు రాసున్నాదేటి?" అని అప్పారావు.

"ఎండ మీద రాయగలిగినోడు ఇక్కడికెందుకొత్తాడ్రా, ఇద్దరూ ఎల్లి బ్రష్షులు కడగండి" అని తీర్పు.

ఆయన తీర్పులన్నీ అలాగే ఉండేవి. బొమ్మ మీద తీర్పు ఇంకా చిత్రం. ముందు ఒక కన్ను మూసి చూసేవారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. "ఈ ఆవు కూకున్నాదంటే మరి లెగనేదు, మోకాళ్ళు ఎనక్కున్నాయి" అని ఒకరితో. "గుడి బాగానే ఏసినావు, దేవుడే ఎక్కడికో పోనాడు" అని నాతో. ఆ మాట పట్టుకుని ఆరు నెలలు ఏడ్చాను, తర్వాత నిజమేనని తెలిసి మొదటినుంచి వేశాను. నచ్చితే ఏమీ అనరు. వాసన చూసి, లుంగీ ఎగ్గట్టుకుని, టీ తాగడానికి వెళ్ళిపోతారు. ఆయన టీకి వెళితే వేసినవాడికి ఆ పూట పండగ.

దేవుడి విషయానికి వస్తే, నేను చెంపలు వేసుకోకుండా రాయలేను. ఆయన అందరినీ బావ అన్నట్టే దేవుళ్ళనీ బావ అనేవారు. సింహాచలంలో ఉన్నది అప్పన్న బావ. ఏడాదిలో ఒక్క రోజే నిజరూపం చూపించి, మిగతా రోజులన్నీ గంధంలో దాక్కుంటాడు కాబట్టి, "ఆయనకీ ఏదో అప్పుల బాధుండుంతాది" అని ఆయన అనుమానం. నేను రాగానే, "అమ్మవారొచ్చేరు, లెగండ్రా" అనేవారు. నేను షెడ్డు మూల చిన్న పటం పెట్టుకుని కర్పూరం వెలిగిస్తే, "టర్పెంటైను పక్కనెట్టుకుని నిప్పుతో ఆటేటి? నీ బత్తికి షెడ్డు మొత్తం సొర్గానికెల్తాది" అనేవారు. అంటూనే టర్పెంటైను డబ్బాలు తానే ఎత్తి అవతల పెట్టేవారు. పటం మాత్రం ఒక్కరోజు కూడా తీయమనలేదు.

*

నేను ఆ షెడ్డులోకి వచ్చింది ఒక ముగ్గు వల్ల. మా వాకిట్లో నేను వేసిన ముగ్గు దాటలేక ఆయన ఒకనాడు వీధిలో అడ్డంగా నిలబడిపోయారు. మా వారు ఆఫీసుకు బయలుదేరుతున్నారు.

"ఈ ముగ్గెవులేసినారు బావా?"

మా వారిది గోదావరి జిల్లా. ముక్కూ మొహం తెలియని మనిషి బావ అనేసరికి కళ్ళజోడు సర్దుకున్నారు. "మా ఆవిడండి. ఏం?"

"ఏటీ నేదు. ఇంత గీత కలిగిన సెయ్యి రోజూ కాళ్ళ కిందకి పోతన్నాదని."

నెల రోజులు అదే వేళకు వచ్చి, అదే మాట అన్నారు. ముప్పై ఒకటో రోజున మా వారు విసిగి, ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ ఆయన ముందే షరతు పెట్టారు. "మంగళవారం, గురువారం, శుక్రవారం మధ్యాహ్నాలు. అంతే. ఆడది ఒక్కర్తి, అంతమంది మగాళ్ళ మధ్య. ఎవరి నోటంటైనా ఈవిడ మీద చిన్న మాట వచ్చిందా, గొడవ నా గుమ్మం దాకా వచ్చిందా, ఆ రోజుతో సరి. మళ్ళీ గడప దాటదు."

"మాట రాదు బావా" అన్నారు ఆయన.

మా వారు చెడ్డవారు కాదు. కానీ అన్న మాట అన్నట్టు చేసే మనిషి. నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ మూడు మధ్యాహ్నాలే నా బతుకులో నేను కావాలనుకుని పుచ్చుకున్నవి. మిగతావన్నీ ఎవరో ఇచ్చినవి, దేవుడి దయవల్ల మంచివే ఇచ్చారు.

*

ఇక ప్రదర్శన. ఆ రోజుల్లో మాత్రం మా వారు షరతు కాస్త సడలించి, పొద్దున్నే వెళ్ళనిచ్చేవారు. ముఖ్య అతిథులంటే ఆయనకు గిట్టదు. ప్రదర్శన రోజు పది గంటలకు రోడ్డు మీదికి వెళ్ళి, ముందు కనబడిన మనిషిని పట్టుకొచ్చి ప్రారంభం చేయించేవారు. ఒక ఏడాది పోస్ట్‌మాన్ దొరికాడు. తాడు కత్తిరించి, అలవాటుగా అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. ఇంకో ఏడాది, తద్దినానికి పరుగెత్తుతున్న శాస్త్రులు గారు దొరికారు. హడావుడిలో ఆయన ఏ మంత్రం చదివి ప్రారంభించారో నాకొక్కదానికే అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది బొమ్మలు బాగానే బతికాయి.

నేను చేరిన మూడో ఏడాది మూర్తి గారు తెల్లబొమ్మ వేశారు. నిలువెత్తు బట్ట. సముద్రం మీద పొగమంచు. ఓడ లేదు, కొండ లేదు, పక్షి లేదు. తెలుపులో తెలుపు, దానిలో ఇంకో తెలుపు. ఎర్రధూళి పడే ఊళ్ళో, తడిబట్టలు కట్టి, దోమతెర కప్పి, ఆ తెలుపును పది నెలలు కాపాడారు ఆయన. పెళ్ళిసంబంధాలు కూడా పక్కన పెట్టారు. మేస్త్రీ గారు దాన్ని ఒక కన్ను మూసి చూశారు. వాసన చూశారు. టీకి వెళ్ళారు. టీ తాగి వచ్చి మళ్ళీ చూసి, మళ్ళీ టీకి వెళ్ళారు. అలా ఎవరి బొమ్మకూ జరగలేదు. "పిల్లలు నేని నాకు ఈడొకడు దొరికినాడు" అని నాతో ఒక్కదానితో అన్నారు.

ప్రదర్శనకు ముందు రోజు గురువారం. ఆ వీధుల్లో ఉన్నవాళ్ళకు గురువారమంటే కనకమహాలక్ష్మి అమ్మవారు. ఆ తల్లికి పూజారి చేత పెట్టించాల్సిన పని లేదు. ఎవరి చేత్తో వాళ్ళు నీళ్ళు పోసి, పసుపు రాసి, కుంకుమ పెట్టుకోవచ్చు. నేను పెట్టి, ఆ తడిచేత్తోనే తిన్నగా షెడ్డుకు వచ్చాను. బొమ్మలన్నీ తాళ్ళకు వేలాడదీసి ఉన్నాయి. "మేం కూడు తినీసొత్తాం, నువ్వు సూస్తండు తల్లీ" అని ఆయన అందరినీ తీసుకుని హోటలుకు వెళ్ళారు.

నేనొక్కదాన్నే పదకొండు మంది బొమ్మల మధ్య మిగిలాను. ఎంత బాగున్నాయో చెప్పలేను. రేపు ఊరు ఊరంతా వచ్చి చూస్తుంది. ఇంత అందం మీద అన్ని కళ్ళు పడితే ఏమవుతుంది? నాకు ఒకటే తోచింది. చేతిసంచిలో కాటుక భరిణె ఉంది. మా ఇంట్లో ఆవదం దీపం మసితో నేనే పట్టిన కాటుక. పసిబిడ్డ అరికాలికి పెట్టినట్టు, ఒక్కొక్క బొమ్మ కింది మూలన ఒక్కొక్క చిన్న చుక్క పెడుతూ వెళ్ళాను. ఎవరికీ కనబడదు, దిష్టి తగలదు. మూర్తి గారి బొమ్మ దగ్గర ఆగాను. అన్నిటిలోకీ అందమైన బిడ్డ. అందమైన బిడ్డకు అరికాలు చాలదు, బుగ్గన పెట్టాలి. పెట్టాను. ఇంటికి వెళ్ళి, అందరి కోసం పులిహోరకు చింతపండు నానబెట్టి, హాయిగా నిద్రపోయాను.

*

మర్నాడు ముందు చూసింది అప్పారావు. తన లారీ బొమ్మ కిందికి వంగి, "ఓలప్పా, నా లారీకి పుట్టుమచ్చొచ్చినాది!" అన్నాడు. ఇంకొకాయన, "నా ఆవుక్కూడా!" అన్నారు. అందరూ నవ్వుతూ ఎవరి పుట్టుమచ్చ వాళ్ళు వెతుక్కుంటున్నారు. పులిహోర గిన్నెతో గుమ్మంలో నిలబడి నేనూ నవ్వుతున్నాను. సంతోషించారనుకున్నాను.

మూర్తి గారు నవ్వలేదు. బొమ్మ ముందు నిలబడి, బొటనవేలితో ఆ చుక్కను తుడవబోయారు. సముద్రపు గాలికి తెలుపు ఇంకా ఆరలేదు. ఆవదం కాటుక అందులో కలిసి, చుక్కకు పక్కగా బూడిదరంగు తోక ఒకటి సాగింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇటు తిరిగిన మొహం చూశాను. దిష్టి తగలకూడదని నేను చేసిన పని కంటే పెద్ద దిష్టి ఏ కంటికీ లేదని అప్పుడు తెలిసింది.

"ఎవరండీ ఇది చేసింది?"

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటాను.

"నానే" అన్నారు మేస్త్రీ గారు, పళ్ళపుల్ల నోట్లోంచి తీసి.

"మీరా?"

"ఆఁ, నానే. ఏటి?"

"ఎందుకు?"

"రాత్రి సూత్తే ఖాళీగా కనిపించినాది. ఏదో ఒకటి ఉంతే బాగుంతాదని పెట్టీసినాను."

మూర్తి గారితో ఆ మాట ఇంకెవరు అన్నా ఫరవాలేకపోయేది. రెండుసార్లు టీకి వెళ్ళిన మనిషి అన్నాడు.

"మరి మావాటికెందుకెట్టినావు మేస్త్రీ?" అన్నాడు అప్పారావు.

"ఒక్కడికే పెడితే మిగిలినోళ్ళు ఏడుత్తారు కదరా."

"ఇది కాటుకలా ఉంది. మీకు కాటుక ఎక్కడిది?" అన్నారు మూర్తి గారు.

"కాటుకేటి, బాయిలరు మసి. ఆవదంలో రంగరించినాను."

ఎవరూ నా కళ్ళ వంక చూడలేదు. చూసి ఉంటే సరిపోయేది, నా రెండు కళ్ళ నిండా అదే కాటుక. నేను పులిహోర గిన్నె మీద మూత సరిగ్గా పెట్టుకుంటూ నిలబడ్డాను.

పది అయింది. ఆయన ఏమీ జరగనట్టు రోడ్డు మీదికి వెళ్ళి, ముందు కనబడిన మనిషిని పట్టుకొచ్చారు. ఆ మనిషే నూకాలమ్మ. అప్పటికి చిన్నది. నెత్తిన గంప, గంపలో కత్తిపీట.

"సేపలు పాడైపోతాయి బాబూ, నన్నొగ్గీ!"

"సేపలు రేపైనా దొరుకుతాయి. ముఖ్య అతిథి పదవి దొరకదు."

నూకాలమ్మ కత్తిపీటతో తాడు కోసి ప్రదర్శన ప్రారంభించింది. లారీని చూసి పెదవి విరిచింది. ఆవు తన చిన్నప్పుడు ఇంట్లో ఉన్నదానిలా ఉందంది. తెల్లబొమ్మ దగ్గరికొచ్చి, గంప దించి, గొంతుక్కూర్చుంది.

"ఇదేటి బాబూ?"

"ఏమీ లేదమ్మా" అన్నారు మూర్తి గారు. "పొగమంచు."

"ఏటీ నేకపోవడమేటి? అదుగో, తెప్ప. మంచు దిగిపోనాది, ఒడ్డు ఎటున్నాదో తెల్డం నేదు పాపం ఆడికి. తెడ్డు ఆపీసి సెవొగ్గి ఇంతన్నాడు, కెరటం సప్పుడు ఎటేపునుంచి ఒత్తాదో అని."

నాకు ఆ తెప్ప కనబడింది. అందరికీ కనబడింది. మూర్తి గారికి కూడా కనబడి ఉండాలి, అందుకే గోడ వైపు తిరిగిపోయారు.

మర్నాటి నుంచి జాలరివాళ్ళు వీధులు వీధులుగా వచ్చి పడ్డారు. "అది మా మావ తెప్ప." "మీ మావకి మంచులో ఎల్లే దమ్మేది?" "దమ్ముంది గాబట్టే దారి తప్పినాడు!" ఏ ఏడాదీ అంతమంది రాలేదు. లారీలూ ఆవులూ నా గుడీ అన్నీ వెలవెలబోయాయి. అందరూ చూసింది చుక్క. పది నెలలు కాపాడిన తెలుపును ఎవరూ చూడలేదు.

చివరి రోజున, జనమంతా చూసి వెళ్ళాక, మేస్త్రీ గారు ఎప్పటిలాగే సుద్దముక్కతో బొమ్మల కింద పేర్లు రాస్తూ తెల్లబొమ్మ దగ్గరికి వచ్చారు.

"నా పేరు రాయకండి" అన్నారు మూర్తి గారు. "అది మీ బొమ్మ. చుక్క లేకపోతే అక్కడ ఏమీ లేదుగా, ఖాళీ."

ఆయన సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు. ఆ చుక్క నాది కాదన్న ఒక్క మాట చాలు, మూర్తి గారు ఉండిపోయేవారు. ఆ మాట నా గుమ్మం దాకా వస్తుంది. ఆయన అనలేదు. మూర్తి గారు బొమ్మను అక్కడే వదిలి వెళ్ళిపోయారు. ఆయనతో ఇంకో ఐదుగురు వెళ్ళి, వాల్తేరు అప్‌లాండ్స్‌లో వేరే చోటు చూసుకున్నారు.

*

మంగళవారం వెళ్ళేసరికి ఆయన లంగరు గోకుతున్నారు. అప్పటికది గోకడానికి ఏమీ మిగలనంత శుభ్రంగా ఉంది.

"నేను మూర్తి గారి దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను" అన్నాను.

"సెప్పి?"

"నిజం చెప్పాలి కదండీ."

సుత్తి ఆపి నా వైపు చూశారు. "నీ కాడ నిజమున్నాది. మీ ఆయన కాడ తాళమున్నాది. నువ్వు నిజం సెప్తావు, ఆయన తాళమేసేత్తాడు. పోనోడు ఎలాగా తిరిగి రాడు, అప్పుడు నాకు ఇద్దరు పోతారు. ఇప్పుడు ఒక్కడే పోనాడు."

"మీరు అబద్ధమాడారు. ఆ పాపం నాకు చుట్టుకుంటుంది."

"మీ అప్పన్న బావకి నా మీద ఎలాగా కోపమే. ఇదీ నా నెత్తినే రుద్దీమను." మళ్ళీ సుత్తి ఎత్తి, దింపారు. "ఒక్కటే బాధ తల్లీ. ఎలాగా పెడతన్నదానివి, నా బుగ్గకెట్టకపోయేవా? అందగాణ్ణి."

నేను ఏడుస్తూ నవ్వాను. ఏడవడం నాకు చేతనైన పని, నవ్వించడం ఆయనకు చేతనైన పని. ఎవరి పని వాళ్ళు చేశాం.

ఆ తర్వాత కూడా ఆ షెడ్డులో పదేళ్ళు బొమ్మలు వేశాను. నా చేతికి వచ్చిందంతా అక్కడ వచ్చిందే. అందుకు ప్రతి పూటా కృతజ్ఞత చెప్పుకున్నాను, దేవుడికి బయటికి, ఆయనకు లోపల. ఊళ్ళో 'చుక్క మేస్త్రీ' అన్న పేరు స్థిరపడిపోయింది. కొత్తవాళ్ళు షెడ్డుకు రావడానికి జంకేవారు, ముసలాయన బొమ్మలు పాడుచేస్తాడట అని. వాల్తేరు వాళ్ళ ప్రదర్శన ఉంటే ఈయన వెళ్ళి, గేటు బయట నిలబడి, కిటికీలోంచి ఒక కన్ను మూసుకుని చూసి వచ్చేవారు. ఒకసారి నన్ను తోడు తీసుకెళ్ళారు. మూర్తి గారి బొమ్మ కనిపించిందేమో, "పద, టీ తాగుదాం" అన్నారు.

మా వారు రిటైరయ్యాక షరతులన్నీ వాటంతట అవే రాలిపోయాయి. అప్పుడు నన్ను ఆపేవారు ఎవరూ లేరు. అయినా చెప్పలేదు. భయం పోయింది గానీ మాట్లాడకపోవడం అలవాటైపోయింది. పూజ ఒక్కరోజు మానని మనిషిని, ఆ ఒక్క మాట పదేళ్ళు మానేశాను.

*

పదకొండో రోజున షెడ్డులో అందరూ చేరారు. మూర్తి గారు వచ్చారు. జుట్టు నెరిసింది. మేస్త్రీ గారికి ఒక్క ఫోటో కూడా లేదు, అందుకని ఆయన టీ గ్లాసు పీట మీద పెట్టి దానికే దండ వేశారు. ఆ పక్కన తెల్లబొమ్మ వేలాడుతోంది. ఎర్రధూళికి అది ఎప్పుడో తెల్లబొమ్మ కాకుండా పోయింది.

అందరూ తలా ఒక కథ చెప్పారు. మూర్తి గారు లేచి చుక్క కథ చెప్పారు. కోపం లేదు, అంత బాగా నవ్వించారు. "బాయిలరు మసితో నా పది నెలలు తుడిచేశాడండీ మహానుభావుడు. క్షమించేశాను. చచ్చిపోయాక ఎవరినైనా క్షమించొచ్చు" అన్నారు. అందరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నేను లేచి నిలబడ్డాను.

"మూర్తి గారూ, ఆ చుక్క పెట్టింది నేను. నా కాటుక. దిష్టి తగలకూడదని పెట్టాను. ఆయన నా కోసం అబద్ధం చెప్పారు."

మూర్తి గారు మెల్లగా వచ్చి, వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టారు.

"అమ్మా, మీలాంటివాళ్ళు ఉండబట్టే ఈ ఊళ్ళో ఇంకా వానలు పడుతున్నాయి. పోయిన మనిషి మీద మాట ఉండకూడదని మీ నెత్తిన వేసుకుంటున్నారా?"

"కాదు బాబూ, నిజంగా నేనే. ఆవదం కాటుక."

"ఆవదమని ఆయనే చెప్పాడు కదమ్మా. మసి వాసన నేను చూశాను కూడా."

"సిన్న సీమ అడ్డొచ్చినా పక్కకి తప్పుకుని నడిసే మనిషి" అన్నాడు అప్పారావు. "ఈవిడ బొమ్మలు పాడు సేత్తాదా?"

"అప్పన్న సాక్షిగా చెబుతున్నాను!" అన్నాను.

"సూసినారా, ఆ ముసలోడి కోసం దేవుడి మీద ఒట్టు కూడా ఎట్టీసినారు!" అని అప్పారావు బావురుమన్నాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు. మా వారు పక్కనుంచి, "ఆవిడ మొదట్నుంచీ అంతేనండి" అన్నారు, కాస్త గర్వంగా. నాకు దండ ఒకటి తెచ్చి వేయబోతే పారిపోయి వచ్చాను.

అందుకే ఇది రాశాను. నోటితో చెబితే నన్ను మంచిదాన్ని చేసి కూర్చోబెట్టారు. కాగితం మీద రాసింది మీరు నమ్ముతారని ఆశ. దయచేసి నన్ను పొగడకండి, ఆ పొగడ్త ఆయన దగ్గర దొంగిలించినట్టవుతుంది. విశాఖపట్నంలో ఎవరైనా మీకు చుక్క మేస్త్రీ కథ చెప్పి నవ్విస్తే, మీరూ నవ్వండి, ఆయనకు అభ్యంతరం లేదు. నవ్వు ఆగాక మాత్రం, ఆ మనిషి ఎవరి బొమ్మ మీదా ఏ చుక్కా పెట్టలేదని ఒక్కసారి చెప్పండి. నా పేరు మీకు అక్కరలేదు. ఆయన్ని ఒక్కరినీ గుర్తుపెట్టుకోండి.